ఫ్రిజ్‌లో బ్యాటరీలు

నంద్యాల కొత్తగా జిల్లా కేంద్రమైన ఏడాది, నడి ఎండాకాలంలో నన్ను అక్కడికి వేశారు. అప్పుడు నేను ఆపరేషన్ పరికరాలు అమ్మే ఒక కంపెనీలో సీనియర్ సర్వీస్ ఇంజనీరును. నా కింద ఇద్దరు ఇంజనీర్లు, నా పైన ఏరియా మేనేజరు. రిటైర్మెంట్ దగ్గర పడింది, సొంత ఊరు, కాలం హాయిగా గడిచిపోతుందనుకున్నాను. పెట్టె విప్పకముందే ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది: మీ స్టేప్లరు పని మధ్యలో మొరాయిస్తోంది, వచ్చి చూడండి.

స్టేప్లరంటే కాగితాలకు కొట్టేదాని లాంటిదే. కాకపోతే ఇది పేగులకు కొడుతుంది. పిడిలో మోటారు, బ్యాటరీ ఉంటాయి. ముందు రెండు దవడలు. వాటిలో బిగించే కాట్రిడ్జ్‌లో సన్నని టైటానియం పిన్నులు వరుసలుగా ఉంటాయి, వరుసల నడుమ చిన్న కత్తి. పేగును దవడల మధ్య పట్టుకుని మీట నొక్కితే పిన్నులు రెండు పక్కలా కుట్టుకుంటూ, కత్తి నడుమ కోసుకుంటూ పోతాయి. దీన్ని ఫైర్ చేయడం అంటారు. చేత్తో నొక్కే పాత రకాలకు బుద్ధి లేదు, సర్జన్ చేతి బుద్ధే వాటి బుద్ధి. ఈ కొత్త రకానికి కాస్త సొంత బుద్ధి పెట్టారు. కాట్రిడ్జ్‌లో ఒక చిప్ ఉంటుంది. పిడి దాన్ని తీగ లేకుండానే చదివి, అది కొత్తదా వాడేసినదా, ఎంత మందానికి పనికొస్తుంది అన్నది కనుక్కుంటుంది. వాడేసినదైతే కత్తిని కదలనివ్వదు. దవడల మధ్య ఉన్నది మరీ మందంగా ఉంటే మోటారు కష్టపడుతుంది. ఆ కష్టాన్ని కొలిచి, ఫైర్ చేయకుండా ఆగిపోయి, పక్కనున్న తెరకు వైర్‌లెస్‌లో కబురు పంపుతుంది. తెర పసుపు రంగుకు మారి కూస్తుంది.

ఈ ఆసుపత్రిలో అది అయినదానికీ కానిదానికీ కూస్తోంది. సర్జన్ డాక్టర్ కరుణాకర్ నంద్యాలలోనే పుట్టి పెరిగిన మనిషి. చేయి ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. "ఏందప్పా ఇది, కొన్నప్పటి నుంచి పసిపిల్ల మాదిరి అరుస్తాండాది" అన్నాడు నన్ను చూడగానే. నేను వెంట తెచ్చుకున్న బ్యాటరీ పెట్టి స్పాంజి ముక్కల మీద ఫైర్ చేసి చూపిస్తే ఒక్కసారీ ఆగలేదు. నేను బయటికెళ్లి టీ తాగేలోపు ఆపరేషన్ థియేటర్లో మళ్లీ ఆగింది. నాకు కాలు నిలవలేదు. చిప్ అనుమానం, యాంటెనా అనుమానం, పక్క గదిలోని ఎక్స్‌రే మీద అనుమానం. వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే సెక్యూరిటీ అతను ఎవరికి బాలేదన్నా అని జాలిగా అడిగాడు.

థియేటర్ వాళ్లు మాత్రం దీనికి ఒక చిట్కా కనిపెట్టుకున్నారు. కూసినప్పుడల్లా బ్యాటరీ ఊడదీసి, కాసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ పెడతారు. కూత ఆగిపోతుంది, పని జరుగుతుంది. ఆ చిట్కాయే నాకు దారి చూపింది. చేతిలో పట్టుకుంటే బ్యాటరీకి ఏమవుతుంది? వెచ్చబడుతుంది. అయితే అంతకుముందు చల్లగా ఉండాలి. ఈ ఊళ్లో, ఈ ఎండలో, చల్లగా ఎక్కడుంటుంది?

థియేటర్ ఇన్‌ఛార్జి ఎస్తేరమ్మ సిస్టర్‌ది ఉయ్యాలవాడ. బ్యాటరీలు ఎక్కడ పెడతారని అడిగితే దాచకుండా ఫ్రిజ్ తలుపు తీసి చూపించింది. ఇంజెక్షన్ సీసాల పక్కన, శుభ్రంగా కవర్లో చుట్టి, వరుసగా ఉన్నాయి.

"ఈ ఎండకు బయట పెడితే ఉబ్బిపోతాయి సార్. మా ఇంట్లో టార్చి సెల్లులు గూడా ఫ్రిజ్‌లోనే పెడ్తాం, శానా దినాలు వస్తాయి" అంది.

మా ఇంట్లోనూ అంతే. మా ఆవిడ గోడ గడియారం సెల్లులు పెరుగు గిన్నె పక్కనే పెడుతుంది. అందుకని సిస్టర్‌ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. సంగతి ఇది: చల్లబడ్డ బ్యాటరీ మోటారుకు కావలసిన బలం ఇవ్వలేదు. మోటారు ఈడుస్తుంది. మోటారు ఈడ్చినప్పుడల్లా యంత్రం, లోపల ఉన్నది మందంగా ఉందనుకుంటుంది. పాపం దాని తప్పేమీ లేదు. బ్యాటరీలను ఏసీ గదిలోని అలమరాలోకి మార్పించాను. మర్నాడు ఉదయం డాక్టర్ గారికి కారణం విడమరిచి చెప్పాను. ఆయన చేతులు కడుక్కుంటూ "సరే, సరే" అన్నాడు. కేసు మూసేయమని మా మేనేజరు ఫోన్. నా పని అయిపోయినట్టే, కానీ ఆ రోజు టేబుల్ మీదికి వచ్చే మనిషి నాకు తెలిసినవాడు కావడంతో ఉండిపోయాను.

ఆయన ఆళ్లగడ్డ శిల్పి వీరాచారి. మాది క్రైస్తవ కుటుంబం, మా నాయన సమాధి మీది సిలువ చెక్కింది ఆయనే. అమ్మవారి విగ్రహం చెక్కిన చేత్తోనే సిలువా చెక్కుతాడు, ఎవరి దేవుడికి కావలసిన నునుపు వాళ్లకు ఇస్తాడు. ఇప్పుడు ఆయనకు పెద్దపేగు చివర్లో గడ్డ. దాన్ని కోసి తీసి, మిగిలిన పేగును కిందికి అతకాలి. అతుకు కుదిరితే సరే. కుదరదని అనుమానం వస్తే పొట్ట మీద రంధ్రం చేసి, మలం బయటికి వచ్చేలా సంచి తగిలిస్తారు. ఆయనకు గడ్డ కంటే ఆ సంచి భయం ఎక్కువ.

"రాయిని పొట్టకు ఆనించుకోని చెక్కుతాం. సంచి ఉంటే యాడ ఆనించేది? చెక్కుతాండే అమ్మవారికి ఇంగ కండ్లు తెరిపియ్యాల. తలకు పోసుకోని, ఉపాసముండి చేసే పని. ఇది కట్టుకోని ఆమె ముందర ఎట్ల కూసుందును?" అన్నాడు ముందు రోజు వార్డులో. పక్కన ఆయన భార్య నారాయణమ్మ, "నువ్వైనా చెప్పన్నా, సంచి వద్దని" అని నా వైపు చూసింది. నేను చెప్పడానికి ఎవర్ని?

థియేటర్లో మా లాంటి వాళ్లకు ఒక హద్దు ఉంటుంది. శుభ్రమైన గుడ్డలు పరిచిన చోటుకు అవతల నిలబడాలి, దేన్నీ ముట్టకూడదు. పరికరం గురించి అడిగితే చెప్పాలి, రోగి గురించి అడిగినా నోరు మెదపకూడదు. గడ్డకు దిగువన పేగును దవడల మధ్య పట్టి డాక్టర్ మీట నొక్కాడు. తెర పసుపైంది. కూత.

"మళ్లా మొదలు పెట్టె" అన్నాడు డాక్టర్. ఎస్తేరమ్మ సిస్టర్ చెయ్యి అప్పటికే బ్యాటరీ మీదికి పోతోంది. అందరూ చిట్కా దగ్గరికే పోయారు, అలవాటు అలాంటిది. నేను అవతలి నుంచి వద్దన్నాను, గట్టిగానే.

లోపల ఏముందో నాకేం తెలుసు? నాకు తెలిసింది ఒక్కటే. మొన్నటి కారణం ఈ రోజు లేదు. బ్యాటరీ వెచ్చగా ఉంది, పొద్దున నా చేత్తో నేనే పట్టుకు చూశాను. ఆ మాటే చెప్పాను. ఫైర్ చేయకముందు ఒకసారి విప్పి చూడమన్నాను.

"నువ్వు నాకు ఆపరేషన్ నేర్పిస్తాండావా? రోగికి మత్తిచ్చి పండబెట్టుకోని నీ మిషన్ సమాధానాలు వినాల్నా?" అని డాక్టర్ విరుచుకుపడ్డాడు. మత్తు డాక్టర్ తల దించుకుని మానిటర్ చూస్తున్నాడు. నేను ఆపరేషన్ గురించి చెప్పడం లేదు, మిషన్ గురించే చెబుతున్నాను, దీని మాట ఈ రోజు అబద్ధం కాకపోవచ్చు అన్నాను. బయటికి పొమ్మంటే పోయేవాణ్నే. ఆయన పొమ్మనలేదు. తిట్టుకుంటూనే దవడలు వదులు చేసి, వేళ్లు లోపలికి పోనిచ్చి తడిమాడు. తడిమి, ఒక చోట వేళ్లు ఆపాడు.

పేగు ఒక అంచున మడత పడి ఉంది. టైలరు కుట్టేటప్పుడు గుడ్డ కింద మడత చిక్కుకున్నట్టు. రెండు పొరలు ఉండాల్సిన చోట నాలుగు పొరలు. అలాగే ఫైర్ చేసి ఉంటే అక్కడ పిన్నులు సగమే మూసుకునేవి. ఒకటీ రెండు రోజులు బాగానే ఉండి, తరువాత లోపల కారడం మొదలయ్యేది. అప్పుడు సంచి కాదు, ప్రాణం సంగతి. డాక్టర్ మడత సరిచేసి, మళ్లీ పట్టి నొక్కాడు. ఈసారి తెర రంగు మారలేదు. తరువాత పేగు అతికి, నీళ్లు పోసి కింది నుంచి గాలి కొట్టి చూశారు. ఒక్క బుడగా లేవలేదు. సంచి పెట్టలేదు.

అయినా అతుకు నిలిచిందో లేదో అప్పుడే తెలియదు. నేను కర్నూలు వెళ్లవలసిన పని వాయిదా వేసుకుని, ఏదో ఒక వంకతో వార్డు ముందు తచ్చాడాను. జ్వరం వచ్చిందా, పొట్ట ఉబ్బిందా అని నర్సుల్ని విసిగించాను. పేగు ఆపరేషన్ అయినవాడికి గాలి పోవడమే మొదటి శుభవార్త. ఆ శుభవార్త కోసం ఆళ్లగడ్డ నుంచి వచ్చిన బంధువులంతా మెట్ల మీద కూర్చుని ఎదురుచూశారు. చివరికి ఒక పొద్దున నారాయణమ్మ వరండాలోకి పరుగెత్తుకొచ్చి, నలుగురూ వింటున్నారన్న సిగ్గు కూడా లేకుండా, "పోయిందన్నా, గాలి పోయింది!" అని అరిచింది. మెట్ల మీద వాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

డాక్టర్ కరుణాకర్ నాకు క్షమాపణ చెప్పలేదు, నేనూ ఆశించలేదు. కొన్నాళ్లకు వేరే ఆపరేషన్‌లో, తెర పసుపు కాగానే ముందు దవడలు విప్పి చూశాడని సిస్టర్ చెప్పింది. నాకు అది చాలు.

ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నంత కాలం నేను ఒక పద్ధతి పాటించాను. మా మాన్యువల్లో అది లేదు. బాగుచేసిన స్టేప్లరును సర్జన్ చేతికే ఇచ్చి, మందమైన స్పాంజి పట్టించి, అది నిజంగా ఆగేలా చేసేవాణ్ని. ఆయన విప్పి, పల్చటిది పెట్టి నొక్కాక గానీ కేసు మూసేవాణ్ని కాదు. యంత్రం అబద్ధం ఆడడం ఎందుకు మానిందో చెప్పినంత మాత్రాన మనుషులు దాన్ని నమ్మరు, చెవి పాత అలవాటునే వింటుంది. తప్పుడు హెచ్చరికను తీసేయడం సగం పనే. ఆ తరువాత వచ్చే మొదటి నిజమైన హెచ్చరిక వేళకు ఎవరో ఒకరు అక్కడ నిలబడి తిట్లు తినాలి.