కుట్టని పర్దా

మొన్న ఐతారం మా ఇంట్ల ఏమైందో ఇన్నరా? ఇన్నరో లేదో గని, నా పర్దా కిందవడ్డ సప్పుడు మాత్రం నారాయణఖేడ్ బస్టాండ్ దాక ఇనవడే ఉంటది! చాయ్ తాగుకుంట ఇనుండ్రి. నవ్వొచ్చే ముచ్చటనే. నడుమ నేను ఏడిస్తె మాత్రం ఏమనుకోకుండ్రి.

మా ఆడిబిడ్డ సుశీల పోయి రెండేండ్లాయె గదా. పచ్చకామెర్లు. దవాఖానకు తీస్కపోయేసరికే ఆలస్యమాయె. కల్హేర్‌ల ఇచ్చినం దాన్ని. అల్లుడు మంచోడు. ఇన్నాళ్లు ఒక్కడే ఉండి, మొన్న ఎండకాలంల ఇంకో పెండ్లి చేస్కున్నడు. మా అత్తమ్మనే చేస్కొమ్మన్నది. కొత్త పిల్లను మొదటి పెండ్లాం తల్లిగారింటికి తీస్కొచ్చుడు మన దిక్కు రివాజాయె. ఇగ ఆ పిల్ల గూడ ఈ ఇంటి బిడ్డ లెక్కనే. అత్తమ్మ ఐతారం రమ్మని కబురు వంపింది. పంపినంక పొయ్యికాడ కూసోని నాతోని అన్నది, "రమ్మనైతె అంటి గని కమలా, దాన్ని బిడ్డా అని పిలువనీకి నాకు నోరొస్తదా?"

ఇగ నా పరేషాన్ ఏందంటె, ముందటర్రల కూసునేకాడనే గోడకు సుశీల ఫోటో, దండతోని. దాని కిందనే సుశీల కుట్టు మిషన్. దినాలైనంక అల్లుడే తెచ్చిచ్చిండు. అత్తమ్మ ఆ రెండింటిని కదలనియ్యదు. మిషన్ మీద ఎవ్వరిని చెయ్యి గూడ వెయ్యనియ్యదు. వచ్చిన పిల్ల లోపట అడుగు వెట్టంగనే ఆ ఫోటో చూస్తె దాని పానం ఎట్లుంటది? అల్లునికి చాయ్ గొంతు దిగుతదా? గప్పుడు నాకో ఉపాయం తట్టింది. పర్దా కడ్తె అయిపాయె!

దర్జీని అడిగితె, "పెండ్లిళ్లున్నయమ్మా, వచ్చే నెల రా" అన్నడు. ఇంట్ల మిషనుంది, ముట్టద్దు. సూది వట్టుడు నాకు రాదు. నా రైకలకు గుండీలు సుత సుశీలనే కుట్టేది. సరే, కుట్టకుండనే చేస్త అనుకున్న. నావి రెండు వాయిల్ చీరలు తీసిన, ఒకటి గులాబిది, ఒకటి పచ్చది. చీర అంచును పాత రబ్బరు గాజులల్లకెల్లి గుంజి ముడులేసిన. గాజులే రింగులాయె! తీగె మీద సర్రుసర్రున జరిగినయి. రెండు చీరలను నడుమ పిన్నీసులతోని కలిపిన. కింది అంచు మడిచి, మైదాపిండి ఉడకవెట్టి లై చేసి అతికిచ్చిన. పైన జడ రిబ్బన్లతోని పువ్వులు గట్టిన. నా తెలివికి నేనే మురిసిన!

మా ఆయన మొలలు కొట్టుకుంట, "మట్టిగోడనే, ఆగుతదా?" అన్నడు.

"పర్దాకు బరువేముంటది? కొట్టు," అన్న.

అత్తమ్మ చూసింది. ఫోటో కనవడకుంట అయితుంటె మొఖం పక్కకు తిప్పుకొని వంటింట్లకు వోయింది. గప్పుడన్న నాకు బుద్ధి రావద్దా? రాలే!

వాళ్లు వచ్చిండ్రు. పిల్ల పేరు శోభ. సన్నగ ఉన్నది, బెదురుకుంట తల వంచుకొని కూసున్నది. చాయ్ ఇచ్చినంక మెల్లగ, "వదినె, పర్దా మంచిగుంది. ఎవరు కుట్టిండ్రు?" అనడిగింది.

"కుట్టుడేంది! అంత నా చేతి కమాల్," అని నేను పొంగిపోయి గాజుల సంగతి, పిన్నీసుల సంగతి, లై సంగతి అన్నీ చెప్పుడు షురూ చేసిన.

పొద్దటి సంది కరెంటు లేకుండె. సరిగ్గ గప్పుడే వచ్చింది. టేబుల్ ఫ్యాను గిర్రున తిరిగింది. పర్దా పూరీ లెక్క ఉబ్బింది. ఒక మొల టక్కున ఊడింది! గోడమట్టి, తీగె, గాజులు, చీరలు, అన్నీ వోయి అల్లుని నెత్తి మీద! చేతిల కప్పు వోయింది. లై ఇంకా ఆరలే, మీసాలకు వట్టింది. పెండ్లిపిల్ల లెక్క ముసుగేసుకొని నిలవడ్డడు. నాకు నవ్వు ఎగదన్నింది. నేను, మా ఆయన చెరొక దిక్కు గుంజినం. ముసుగు వోయింది. ఎదురుంగ సుశీల.

నవ్వు గొంతులనే ఆగిపాయె.

అల్లుడు ఫోటోనే చూస్తుండు. మూతికి లై, కండ్లల్ల నీళ్లు. సుశీల పోయిన్నాడు గూడ గా మనిషి ఏడ్వంగ నేను చూడలే. సప్పుడుకు అత్తమ్మ ఉరికొచ్చి దర్వాజకాడ ఆగింది. శోభ లేచి నిలవడ్డది. ఇగ అయిపాయె, అలిగి బస్టాండ్‌కు నడుస్తది అనుకున్న.

"గీ అక్కనేనా?" అని మొగన్ని అడిగింది. ఆయన తలకాయ ఊపిండు.

శోభ మా దిక్కు తిరిగింది. "ఫోటో చూపెట్టుమని ఎన్నిసార్లు అడిగిన్నో. లేదనే అన్నడు. అక్క గిన్నెలల్ల వండుతున్న, అక్క మంచంల పంటున్న. అక్క మొఖం ఎట్లుంటదో తెల్వకపాయె." అత్తమ్మ దిక్కు చూసి, "అమ్మా, కుంకుమ ఉంటె ఇస్తరా? అక్కకు బొట్టు వెడ్త," అన్నది.

అత్తమ్మ కుంకుమ భరిణె తెచ్చిచ్చింది. శోభ మునివేళ్ల మీద లేచి వెట్టంగ బొట్టు వంకర వడ్డది. గా బొట్టు చూసి అత్తమ్మ అక్కడనే కూలవడ్డది. ఆమె బాధ పడ్తదని ఇంట్ల ఎవ్వరం సుశీల పేరే తీస్తలేకుంటిమి. గా పొద్దు ఆమెనే తీసింది. "మిషన్ మీద కూసుంటె దానికి ఆకలి గూడ యాదికుండేది కాదు. నేనే ముద్దలు గలిపి నోట్ల వెట్టేది..." ఏడ్సుకుంట ఎన్ని ముచ్చట్లు చెప్పిందో! శోభ పక్కకు కూసోని అన్నీ ఇన్నది. ఆఖరికి అత్తమ్మ కొంగుతోని కండ్లు తుడ్సుకొని, "లే బిడ్డా, ఎప్పుడు తిన్నవో ఏమో. అన్నం తిందువు," అన్నది.

నేను పిన్నీసులు ఏరుకుంట ఏడుస్తనే ఉన్న. ఒకటి వేలుకు గుచ్చుకున్నది, మంచిగైంది. ఎందుకేడుస్తున్నవని మా ఆయన అడిగితె చూపెట్టనీకి నెత్తురన్న ఉండె.

వాళ్లను బస్సెక్కిచ్చి ఇంటికొస్తె ఏముంది, వాకిట్లేసిన నా పర్దా సగమే మిగిలింది! పక్కింటోళ్ల మేక లై వట్టిన అంచంత నమిలి మింగి, గులాబి చీర మీదికొచ్చింది. కొడ్దామని కట్టె లేపిన. మల్ల దించిన. ఎట్ల కొట్టబుద్ధైతది చెప్పుండ్రి? నా చేతి కమాల్‌ను కడుపునిండ మెచ్చుకున్నది గా మేకొక్కతే!