సొంత తెలివి లేని కార్డు

మదనపల్లెలో మా కంప్యూటర్ రిపేరాయన పోయాడని మొన్న శుక్రవారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేసింది. "సారూ, మీ మిషన్ సూసే మనిషి లేడు సారూ" అని చెప్పి ఫోన్ పెట్టేసింది. గుండె ఆగిందట. ఆయనకు యాభై నిండలేదు. డెబ్బై ఎనిమిదేళ్ల నేను పుంగనూరులో ఉప్మా గిన్నె ముందు కూర్చుని ఆ మాట విన్నాను.

కుప్పం సాహిత్య సంఘం వాళ్లు ఆయనకు సంతాప సభ పెట్టారు. నన్ను పిలిచారు గానీ మైకు ఇవ్వలేదు. నేను సేకరించిన పాటలను కాపాడింది తమ సాహిత్య సంఘమేనని అధ్యక్షుడు చాలాసేపు చెప్పాడు. రిపేరాయన వంతుకు "సహకరించిన సాంకేతిక మిత్రుడు" అన్న ముక్క ఒకటి దక్కింది. అక్కడ చెప్పనివ్వలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి. ప్రతి వేసవిలో టేప్ రికార్డర్ భుజాన వేసుకుని పలమనేరు, చౌడేపల్లె, కుప్పం పల్లెల్లో తిరిగి ఆడవాళ్ల పాటలు పట్టుకొచ్చాను. వేరుశనక్కాయలు వలుస్తూ, రాగులు విసురుతూ పాడుకున్నవి. పాడినవాళ్లలో ఇప్పుడు ఒక్కరూ లేరు. శాస్త్రీయంగా సేకరించినవి కావని పెదవి విరిచిన పండితులే తమ వ్యాసాల్లో వాటిని వాడుకున్నారు, నా పేరు లేకుండా. అప్పటి నుంచి ఎవరికీ వినిపించడం మానేశాను. క్యాసెట్లు బూజు పట్టిపోయాయి. కంప్యూటర్లోకి ఎక్కించి నాలుగు డిస్కుల్లో దాచినదే మిగిలింది.

ఆ డిస్కులను కంప్యూటరుకు కలపడానికి మధ్యలో ఒక కంట్రోలర్ కార్డు కావాలి. మనం రాసే ప్రతి అక్షరం, పాడే ప్రతి పాట దాని మీదుగానే డిస్కుకు వెళ్తుంది. మదనపల్లె టమోటా మండీ దగ్గర, మేడమీది గదిలో ఉండేది రిపేరాయన అంగడి. నా కంప్యూటర్ని నడిపించడానికి లినక్స్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టింది ఆయనే. "దీన్ని ఎవురైనా తెరిచి సదవొచ్చు సార్. దాపరికం లేదు" అనేవాడు. కానీ దానికి తగిన కార్డు ఎంచడానికి రెండు నెలలు తీసుకున్నాడు.

"ఒక కార్డుకు ఇంత కాలమా అప్పా?" అని విసుక్కున్నాను.

"పొగిడిండేది నేను సదవను సార్. తిట్టిండేది సదువుతా. యాడెవురికి ఈ కార్డు మొరాయించింది, వాళ్లు ఏడిస్తే దాన్ని నడిపే ప్రోగ్రాం రాసినోళ్లు జవాబిచ్చినారా లేదా, అది సూస్తాండా."

పక్కన నిఘంటువు పెట్టుకుని, ముక్కూమొహం తెలియని దేశాల వాళ్ల పదేళ్ల ఫిర్యాదులను వేలు పెట్టి చదువుతున్నాడు. నేను జీవితమంతా పుస్తకాలు చదివాను. ఒక్క పుస్తకాన్నీ అంత శ్రద్ధగా చదివానని చెప్పలేను.

చివరికి ఏదో పాత సర్వర్ లోంచి ఊడదీసిన కార్డు తెచ్చాడు. మెరుపూ లేదు, పెట్టే లేదు. "దీనికి సొంత తెలివి లేదు సార్. రాసింటే రాసినా అంటాది, రాయకుంటే రాయలేదంటాది. మనకు అంతే గావాల."

ఆయనకొక పద్ధతి ఉండేది. మిషన్ అప్పగించే ముందు, అది పని చేస్తుండగా సొంతదారే ఒక డిస్కు కేబుల్ పీకాలి. పీకితే గానీ ఇంటికి ఇవ్వడు. "మీరే పీకండి సారూ. ఒగ డిస్కు పోయినా మిగిల్నవి పాటను మోస్తాయా లేదా మీరే సూడాల. నేను పీకితే మీకు నమ్మకం రాదు."

నా చెయ్యి రాలేదు. అదే వారంలో కుప్పం అధ్యక్షుడు, "పాత సామాను నెత్తిన పెట్టుకుంటారా మాస్టారూ? బెంగళూరులో మంచి కార్డుంది, సొంత మెమరీ, సొంత బ్యాటరీ, అన్నీ అదే చూసుకుంటుంది" అన్నాడు. ఆయన మాట చక్కగా ఉంటుంది. చక్కటి మాట విని కార్డు ఎంచుకున్న తెలుగు పంతుల్ని నేను. రిపేరాయన వద్దంటే, "నీ చదువెంత?" అని కూడా అడిగాను.

"పదో తరగతి సార్. ఫెయిలు." అంతే అని, పాత కార్డును కాగితంలో చుట్టి అలమరాలో పెట్టాడు.

ఆ తెలివైన కార్డు రెండేళ్లు అంతా బాగుందనే చెప్పింది. దాని బ్యాటరీ ఎప్పుడో ఉబ్బిపోయింది. చివర్లో ఎక్కించిన కొన్ని పాటలను తన మెమరీలోనే ఉంచుకుని, రాసేశానని అబద్ధం చెబుతూ వచ్చింది. ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది, కార్డు కాలిపోయింది. మిగతా పాటలను నాలుగు డిస్కుల మీద ఏ వరసలో ముక్కలు చేసి పెట్టిందో దానికి తప్ప ఎవరికీ తెలియదు. "అది నా సబ్జెక్టు కాదు మాస్టారూ" అన్నాడు అధ్యక్షుడు.

డిస్కులు సంచిలో వేసుకుని మదనపల్లె బస్సెక్కాను. ఆయన ఎత్తిపొడుస్తాడని దారంతా జవాబులు కట్టుకున్నాను. ఆయన స్టూలు తుడిచి, "రాండి సార్. టీ సెప్పేదా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. "యాల సార్ ఏడుస్తారు? డిస్కులు బాగుండాయి. వరస తెలిస్తే సాలు."

నాలుగు నెలలు ఆ వరస వెతికాడు. ఒక వరస ఊహించి ముక్కలు అతికించడం, చెవికి హెడ్‌ఫోన్ పెట్టి వినడం, తల అడ్డంగా ఊపి మళ్లీ మొదలు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి హెడ్‌ఫోన్ నా చెవికి పెట్టాడు. తిరగలి చప్పుడు, దాని మీద ఆడగొంతు. "ఊపిరి తెగలేదు సూడండి సార్. అతుకు సరిపోయింది." నేను ఆ పాటలో ఛందస్సు విన్నాను, మాండలికం విన్నాను. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఆయన చెప్పేదాకా వినలేదు.

కార్డు తన మెమరీలోనే ఉంచుకున్న పదకొండు పాటలు రాలేదు. దాదాపు అన్నీ వచ్చాయని ఆయన అనలేదు. రాని పదకొండూ కాగితం మీద రాసి నా చేతికిచ్చాడు.

అలమరాలోంచి పాత కార్డు బయటికొచ్చింది. బిగించి, గంటసేపు నడిపి, జ్వరమొచ్చిన బిడ్డ నొసలు చూసినట్టు ముంజేత్తో దాని వేడి చూశాడు. ఈసారి నేనే కేబుల్ పీకాను. ఒక డిస్కు పోయిందని తెర మీద ఎర్రటి వరస పడింది. పాట మాత్రం ఆగలేదు. ఇంకో పాట పెట్టించుకుని అదీ విన్నాను.

"మురిసిపోవద్దండి సార్. ఎంత మంచి కార్డయినా మిషన్ ఒకటే. ఇల్లు కాలితే ఏం జేస్తారు? పాడినోళ్ల ఇండ్లకు పాటల కాపీ తలా ఒకటి ఇచ్చేయండి."

"ఇస్తే మళ్లీ దొంగిలిస్తారప్పా."

"వాళ్ల పాట వాళ్లు దొంగిలిస్తారా సార్?"

ఆ మాటకు కోపం వచ్చి మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాను గానీ పాటలు ఇవ్వలేదు. ఇచ్చానని ఆయనకు చెప్పే అవకాశం ఇక లేదు.

సభ మరునాడు చౌడేపల్లె అవతలి పల్లెకు ఆటోలో వెళ్లాను. నలభై ఏళ్ల కిందట నాకు పాడినామె మనవరాలు కొట్టంలో పాలు పితుకుతోంది. ఎవరు, ఏమిటని అడుగుతూనే పితుకుతోంది. ఫోన్‌లో వాళ్ల అవ్వ పాట పెట్టి పక్కనున్న కుడితి తొట్టి గట్టు మీద ఉంచాను. రెండు చరణాలు అయ్యాయి. ఆమె చేతులు ఆగిపోయాయి. ఆవు మెడ తిప్పి ఆమె వైపు చూసింది. బకెట్టులో నురగ ఒక్కొక్క బుడగే చితికి పాల మట్టానికి దిగుతోంది. ఆమె నుదురు ఆవు డొక్కకు ఆనించి కదలకుండా వింటోంది.