మేయర్ గారికి గ్లాసెడు నీళ్లు

మా ఊరి రేడియోలో పొద్దుటి ముఖాముఖి నాది. రాజధాని బెల్‌గ్రేడ్‌లో టీవీవాళ్లు మంత్రుల్ని కడిగేయడం చూసి చూసి నాకూ ఆ పిచ్చి పట్టింది. అవతలివాళ్లు నోరు తెరవకముందే అడ్డు తగలడం, బల్ల గుద్దడం సాధన చేశాను. మా ఊరికి మంత్రులు రారు గనక, తేనెటీగలు పెంచే ముసలాయన్ని కడిగాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు. "రాతొమిర్ పులిరా!" అన్నారు కాఫీ కొట్టులో. నేను నమ్మాను.

చివరికి అసలైన వేట దొరికింది. వేసవి నుంచీ కుళాయిల్లో నీళ్లు పసుపు రంగులో వస్తున్నాయి. మేయర్ వెలిబోర్ గారు మాట్లాడటానికి ఒప్పుకున్నారు. మా చెల్లెలు జగోర్కా చంటిపాపను చంకనేసుకుని వచ్చింది.

"అన్నయ్యా, నీ అరుపులు తర్వాత. పాలపొడి ఆ నీళ్లలో కలపొచ్చా లేదా, అదొక్కటి తేల్చు."

ఆయన స్టూడియోకి రాగానే, తేల్చడానికే దిగాను.

"మేయర్ గారూ, మీకు సిగ్గనిపించడం లేదా?"

"నీళ్లు భేషుగ్గా ఉన్నాయి తమ్ముడూ. పరీక్ష చేయించాం."

"అబద్ధం!"

బల్ల గుద్దాను. మైకు పడిపోయింది. ఆయనే దాన్ని లేపి నిలబెట్టి, "నెమ్మది నాయనా, బీపీ వస్తుంది," అన్నారు. ఊరంతా నవ్వే ఉంటుంది.

అస్త్రాలన్నీ అయిపోయాక చూస్తే, ఆయన కోసం పెట్టిన చెర్రీపండ్ల పాకం బల్లమీద అలాగే ఉంది. గడప దాటి వచ్చినవాడు శత్రువైనా సరే, ముందు చెంచాడు పాకం, గ్లాసెడు నీళ్లు ఇచ్చాకే మావాళ్లు మాట కలుపుతారు. ఆ నీళ్లు తాగకపోతే ఇంటివాళ్లను అవమానించినట్టే. పులి వేషం మోజులో ఆ మర్యాదే మరిచాను. నిజంగా సిగ్గేసింది. "క్షమించండి, ముందు నోరు తీపి చేసుకోండి," అని పాకం ఇచ్చి, అలవాటు కొద్దీ మూలనున్న కుళాయి తిప్పి గ్లాసు నింపి అందించాను.

ఆయన పాకం చప్పరించారు. గ్లాసు ముట్టలేదు.

"తాగండి, తాగకపోతే బావుండదు," అన్నాను మర్యాదగానే.

"వద్దులే తమ్ముడూ. మాకు సీసా నీళ్లే అలవాటు."

"అయ్యో! పోనీ, కాఫీ పెట్టించనా?"

"ఈ నీళ్లతోనేగా? అదీ వద్దు."

అనేశాక ఆయనకు మైకు గుర్తొచ్చింది. ముఖంలో నవ్వు పోయింది. పులి ఆయన మీద పడాల్సిన సమయం అదే, కానీ నాకు చెల్లెలు గుర్తొచ్చింది. వంటింట్లో రేడియో పెట్టుకుని జగోర్కా పాలు కలిపే వేళ అది. భయమేసింది. మేయర్‌ను వదిలేసి మైకు దగ్గరికి లాక్కున్నాను.

"చెల్లీ, పాపకు ఆ నీళ్లు పట్టకు."