అంతు తేలనివాడు కాదు దేవుడు

రెండువేల పదికి అటూ ఇటూగా, టెక్సాస్‌లోని ప్లేనోలో మా తెలుగు ఆరాధన ఆదివారం మధ్యాహ్నం జరిగేది. పొద్దున అమెరికావాళ్ల ఆరాధన అయ్యాక అదే చర్చిని మాకు అద్దెకిచ్చేవారు. భోజనాలయ్యాక పక్కగదిలో పిల్లలకు నేను సండే స్కూల్ చెప్పేదాన్ని. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌తో వేగే నాకు ఆ గంటే ప్రాణం. ఆ పిచ్చితోనే కాలేజీలో సాయంత్రం క్లాసుకి చేరి, మధ్యయుగపు క్రైస్తవ పండితులను చదవడం మొదలుపెట్టాను.

ఒకసారి మా సంఘపెద్ద పిల్లల దగ్గరికొచ్చి, దేవుడు అనంతుడంటే ఏమిటో చెప్పారు. "కౌంట్ చేస్తూ పోండి. ఎంత లెక్కపెట్టినా ఇంకొకటి ఉంటుంది. గాడ్ కూడా అంతే."

ఆయన వెళ్లగానే ఓ పాప బిక్కమొహం వేసింది. "ఆంటీ, గాడ్ ఎప్పటికీ ఫినిష్ అవ్వడా? మరి నా ప్రేయర్ దాకా ఎప్పుడొస్తాడు?"

నాకు ఒళ్లు మండింది. ఈ తేడా తేల్చడానికే నేను చదివే ఆ పాత సన్యాసులు ఉన్న కాస్త జుట్టూ పీక్కున్నారు. ఎంత కలిపినా ఇంకొకటి మిగిలే లెక్కకి ఎప్పుడూ వెలితే. దాని హద్దు ఇంకా తేలలేదు, అంతే. దేవుడికి హద్దు లేకపోవడం వేరు, ఆయనకి కొత్తగా కలపడానికి ఏమీ మిగల్లేదు.

"అంకుల్ చెప్పింది తప్పమ్మా. దేవుడు ఇప్పుడే, ఇక్కడే, పూర్తిగా ఉన్నాడు. నువ్వు లైన్‌లో నిలబడక్కర్లేదు" అన్నాను. పాప ఆ ముక్క ఇంటికి మోసింది. అది సంఘపెద్ద చెవిన పడింది.

మరుసటి ఆదివారం ఆయన నన్ను పక్కకి పిలిచారు. "సిస్టర్, మనకెందుకమ్మా మీ కాలేజీ క్లాసులోని ఈ క్యాథలిక్ ఫిలాసఫీ? సాక్ష్యాల టైమ్‌లో లేచి సారీ చెప్పెయ్యండి, అయిపోతుంది."

ఆరాధనలో ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకునే ఆ వేళ లేచాను. ప్రభువు పేరిట అందరికీ వందనాలు చెప్పాను. "పిల్లలకి నిజమే చెప్పాను. మళ్లీ అడిగినా అదే చెబుతాను" అని కూర్చున్నాను.

భోజనాల దగ్గర బిర్యానీ ప్లేటు అందిస్తూ ఆయన మెల్లగా అన్నారు. "మీ క్లాస్ కొంతకాలం ఆపుదామమ్మా."

"ఎంతకాలం?"

"అది ఇప్పుడే ఎలా చెప్తాం? చూద్దాం."

అంటే ఈ వారం కాదు, పైవారం కాదు, ఎప్పుడడిగినా ఇంకో వారం. దేవుడికి అంటగట్టిన లెక్కనే ఇప్పుడు నాకూ అంటగడుతున్నారు. ప్లేటు బల్లమీద పెట్టేశాను.

"డేట్ చెప్పండి బ్రదర్. చెప్పేదాకా క్లాస్ ఆగదు."

పక్కగది తలుపు తీశాను. పాప ఒక్కతే కూర్చుని ఉంది.

"ఆంటీ, క్లాస్ లేదంట కదా?"

"ఉందమ్మా. వెళ్లి అందరినీ పిలుచుకురా."