చుక్క పెట్టిన జవాబు

నా మేనకోడలు ఆ పుస్తకంలోంచి జవాబులు ఎక్కించుకుంటుంటే డాక్టరమ్మ చూసింది. చూసి ఎందుకు ఊరుకుంది? ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

డాక్టరమ్మ అంటే డాక్టరు కాదు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే అమ్మాయి. మెడికల్ సీటు కోసం నాలుగుసార్లు పరీక్ష రాసి, ఐదోసారికి చదువుతోంది. ఆ పేరు పెట్టింది మా రీడింగ్ రూమ్ లైబ్రేరియన్. "రండి డాక్టరమ్మగారూ, మీ పేషెంట్లు కాచుకుని ఉన్నారు" అని పుస్తకాల బీరువా చూపించేవాడు. ఆమె నవ్వేది కాదు, కోపం తెచ్చుకునేదీ కాదు. పొద్దున్నే ల్యాబుకెళ్ళి, పరగడుపున వచ్చినవాళ్ళ రక్తం తీసి, ట్యూబులకు స్టిక్కర్లు అంటించి, పదకొండుకల్లా వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. పక్కనుంచి వెళ్తే స్పిరిట్ వాసన. ఈసారి రాకపోతే ఇక పరీక్షల ఊసెత్తనని ఇంట్లో మాటిచ్చిందట.

నేను రిటైరయ్యాక పేపర్లూ నవలలూ చదువుకోవడానికి అక్కడికి వెళ్ళేవాణ్ణి. నాకు మాట్లాడటం తక్కువ, గమనించడం ఎక్కువ. ఆ ఏడు మా చెల్లెలి కూతురు కూడా అదే పరీక్షకు కూర్చుంటోంది. అంచేత నా గమనింపులో కాస్త స్వార్థం కలిసింది.

పాత పరీక్షల ప్రశ్నల పుస్తకం ఆ గదిలో ఒక్కటే ఉండేది. బయటికివ్వరు. చదివేవాళ్ళు పాతికమంది, వరసలో గంటకొకరు. వెనక జవాబుల పేజీలను ఎవరో పుణ్యాత్ములు ఎప్పుడో చింపుకుపోయారు. అలాంటి పుస్తకంలో ఒకరోజు పెన్సిల్ చుక్కలు కనిపించాయి. ప్రశ్న కింద నాలుగు జవాబులుంటే, ఒకదాని పక్కన ఆవగింజంత చుక్క.

"మామయ్యా, ఇవి డాక్టరమ్మ పెట్టినవే. నాలుగేళ్ళ అనుభవం" అని నా చెవిలో గుసగుసలాడింది మా పిల్ల. వెంటనే నోట్సులోకి ఎక్కించడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ తలెత్తింది. మా పిల్ల చేతివైపు చూసింది, తెరిచున్న పేజీవైపు చూసింది, మళ్ళీ తల దించుకుంది.

పది రోజుల తర్వాత కోచింగ్‌లో మోడల్ పరీక్ష. సగం పాత ప్రశ్నలే. మా పిల్లకి ఎప్పుడూ రానంత తక్కువ మార్కులొచ్చాయి. చుక్కలు రాసుకున్న ఇంకో ఐదుగురిదీ అదే కథ.

"కావాలనే పెట్టింది మామయ్యా. మనం ఒక మెట్టు దిగితే తను ఒక మెట్టు ఎక్కుతుందిగా."

నేను వెళ్ళి లైబ్రేరియన్ చెవిన వేశాను. ఆయన డాక్టరమ్మను పిలిచి, పుస్తకం తెరిచి ముందు పెట్టాడు.

"ఈ చుక్కలు నీవేనా?"

"నావే. చివర్లో రబ్బరుతో చెరిపేద్దామని..."

"అన్నీ తప్పులే కదమ్మా."

"తప్పులే సార్. నేను చేసిన తప్పులు. మా ల్యాబులో ట్యూబు మీద చుక్క పెడితే శాంపిల్ పాడైందని, మళ్ళీ తియ్యాలని. నేను ఎక్కడ బోల్తాపడ్డానో అక్కడ చుక్క పెట్టుకున్నా. ఒప్పుకి చుక్క పెడతారా ఎవరైనా?"

గదిలో మిగతా అందరూ ఒప్పుకే పెడతారు. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయి అడిగినట్టనిపించింది. అంత బాగా నటించగలదేమో అని కూడా అనిపించింది.

"మరి మా పిల్ల రాసుకుంటుంటే చూశావుగా. ఒక్కమాట చెప్పొచ్చుగా" అన్నాను. ఆ గదిలో నేను గొంతెత్తడం అదే మొదలు.

ఆమె నావైపు తిరిగింది. "నన్ను అడిగిందా అండీ?"

లైబ్రేరియన్ పుస్తకం వరసలోంచి ఆమె పేరు కొట్టేశాడు. పరీక్షకి ఇంకా ఇరవై రోజులుంది. ఆ ఇరవై రోజులూ ఆమె వచ్చింది. గుర్తున్న ప్రశ్నలు తెల్లకాగితాల మీద రాసుకుని చేసుకునేది. నేను పేపరు చాటునుంచి కాపలా కాశాను. నీళ్ళకోసం లేస్తే ఎవరి బల్ల దగ్గర ఆగుతుందో, ఎవరి నోట్సు మీద చెయ్యి వేస్తుందో అని. ఏమీ దొరకలేదు. అలా ఏమీ దొరక్కపోవడం నాకు మరీ అనుమానంగా ఉండేది. మా పిల్ల సంగతి ఇంకో రకం. దిద్దుకోవడానికి వ్యవధి ఉన్నా, తనకి వచ్చిన జవాబుని కూడా నమ్మలేని స్థితికి చేరింది.

ఫలితాల్లో మా పిల్ల పేరు లేదు. డాక్టరమ్మ వెయిటింగ్ లిస్టులో పదిహేడు. పైవాళ్ళెవరైనా సీటు వదులుకుంటే ఆమె నంబరు ముందుకు జరుగుతుంది. రోజూ వచ్చి లైబ్రేరియన్ కంప్యూటర్ వెనక నిలబడేది. "పన్నెండు" అనేవాడాయన. వారం తర్వాత "తొమ్మిది". ఆపైన మూడు దగ్గర ఆగింది. పది రోజులు మూడే. ఆయన ఎగతాళి మానేశాడు. "ఎవరో ఒకరు వదిలేస్తార్లేమ్మా" అనేవాడు, తనకి తాను చెప్పుకున్నట్టు.

ఆఖరిరోజు మధ్యాహ్నం ఆయన కళ్ళజోడు తుడుచుకుని తెరకేసి రెండుసార్లు చూశాడు.

"వచ్చేసిందమ్మా. ఐదింటిలోపు కాలేజీలో ఉండాలట. పరిగెత్తు."

ఆమె పరిగెత్తలేదు. కిటికీ దగ్గరకెళ్ళి కుర్చీలో వేసుకు కూర్చునే తన దిండు చంకలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర రిజిస్టరులో, వెళ్ళిన టైము గడిలో రెండూ పది అని వేసింది. ఆమె పేరుకి సరిగ్గా పైన నా పేరు. పెన్సిల్ ఒక్క క్షణం అక్కడ ఆగింది. నా పేరు పక్కన చుక్క పెడుతుందేమోనని మెడ చాచి చూశాను. వెళ్ళొస్తానంటే, మంచిదమ్మా అందామని మాట సిద్ధంగా కూడా పెట్టుకున్నాను.

పెన్సిల్ రిజిస్టరు మడతలో పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానని ఎవరితోనూ అనలేదు.