మలబద్ధకం కమిటీలో ఓబులరెడ్డి

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక ఫిబ్రవరి నెలలో, కర్నూలులో జనరల్ మెడిసిన్ ప్రొఫెసరుగా ఉన్న నాకు ఒక ఉత్తర్వు అందింది. మలబద్ధకం చికిత్స మీద దేశవిదేశాల్లో వెలువడిన మార్గదర్శకాల నాణ్యతను పరిశీలించి, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పనికొచ్చేదాన్ని ఎంపిక చేసే కమిటీకి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. సర్వీసంతా గుండె జబ్బుల కమిటీ కోసం ఎదురుచూసినవాణ్ణి. వచ్చింది ఇది. ఇంట్లో మా ఆవిడ ఏం కమిటీ అని అడిగితే, జీర్ణకోశానికి సంబంధించింది అని చెప్పి పేపరు చాటున దాక్కున్నాను.

మార్గదర్శకం అంటే ఏ జబ్బుకు ఏ పరీక్ష చేయాలి, ఏ మందు ఎప్పుడు ఇవ్వాలి అని డాక్టర్లకు దారి చూపే పత్రం. కొన్నిటిని ఏళ్ల తరబడి సాక్ష్యాలు వెతికి రాస్తారు, కొన్నిటిని నలుగురు పెద్దలు హోటల్లో భోంచేసి రాస్తారు. రెండూ ఒకేలా అచ్చవుతాయి. వాటిని తూచడానికి ఇరవై మూడు ప్రశ్నల పద్ధతి ఒకటుంది. ఒక్కో ప్రశ్నకు ఒకటి నుంచి ఏడు వరకు మార్కులు. సాక్ష్యాలు ఎలా సేకరించారు, రాసినవాళ్లకు మందుల కంపెనీలతో సంబంధాలున్నాయా, రోగుల అభిప్రాయం అడిగారా, ఆచరణలో వచ్చే ఇబ్బందులు చెప్పారా, ఇలా సాగుతాయి ప్రశ్నలు. సభ్యులు ఎవరికి వారు విడిగా మార్కులు వేసి, తర్వాత కూర్చుని తేడాలు మాట్లాడుకోవాలి.

నాతోపాటు సభ్యులు ఇద్దరు. సర్జరీ ప్రొఫెసర్ ప్రభాకర్ ప్రాక్టికల్ పరీక్షల్లో ఎవరినీ ఫెయిల్ చేయని మంచి మనిషి. ఆ మంచితనం ఇక్కడా చూపించి అన్ని పత్రాలకూ ఐదులూ ఆరులూ వేసుకొచ్చాడు. ఇదేమిటయ్యా అంటే, పాపం కష్టపడి రాసుంటారు గదా సార్ అన్నాడు. కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్ అమీనాకు రెండు దాటి వేయడానికి చేయి రాలేదు. వీళ్లిద్దరి మార్కుల మధ్య నేను నలిగిపోయాను. చివరికి ఒక పత్రం అందరి లెక్కలోనూ మొదట నిలిచింది. అయితే అందులోనూ రోగుల అభిప్రాయం సంగతి అంతంతమాత్రమే. ఇక్కడి రోగినొకరిని కూర్చోబెట్టి అడగందే దాన్ని పంపడానికి సంతకం పెట్టనని అమీనా తేల్చి చెప్పింది.

అప్పుడు నాకు ఓబులరెడ్డి గుర్తొచ్చాడు. పత్తికొండ దగ్గర టమాటా రైతు, ఊళ్లో పెద్దమనిషి, చాలా ఏళ్లుగా నా పేషెంటు. ఇసబ్గోలు వాడాడు, సిరప్పులు తాగాడు, రాత్రిపూట సునాముఖి పొడి లేనిదే ఆయనకు పొద్దున గడవదు. కమిటీ అనగానే ఇంకో మాట వినకుండా ఒప్పుకున్నాడు. ఆ ప్రాంతపు టమాటా రైతుల సంఘానికి అధ్యక్షుడు కావాలని ఆయన కోరిక. ఎన్నికలు దగ్గర పడ్డాయి. ప్రభుత్వ కమిటీలో పేరుంటే మంచిదే అనుకున్నాడు.

నియామకపు ఉత్తర్వు వెళ్లిన వారానికి ఆయన మా ఓపీలోకి ముఖం ఎర్రగా చేసుకుని వచ్చాడు. ఫోనులో ఒక ఫొటో చూపించాడు. ఆయన ముఖ్య అనుచరుడు సుంకన్న కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. మధ్యలో చేతులు జోడించిన ఓబులరెడ్డి, కింద వరసగా అనుచరుల ఫొటోలు, పైన పెద్దక్షరాల్లో "మలబద్ధక రోగుల ప్రతినిధిగా ఏకగ్రీవంగా ఎన్నికైన మా ప్రియతమ నాయకునికి హార్దిక శుభాకాంక్షలు".

"ఏం సార్, నా మానం తీస్తిరి గదా! సంతలో ఎవుడు జూసినా పొట్టకల్లే జూస్తాండాడు. ఈ మొగంతో ఓట్లెట్ల అడిగేది?" అన్నాడు.

వెనకే నిలబడ్డ సుంకన్నలో పశ్చాత్తాపం జాడ లేదు. "ఏ కమిటీ అయితేనేం అన్నా, గవర్నమెంటు కమిటీ గదా!" అన్నాడు.

నవ్వు ఆపుకోవడానికి నేను బీపీ మిషను సర్దుతూ కూర్చున్నాను. రెడ్డి తన పేరు తీసేయమని పట్టుబట్టాడు. ఆయన లేకపోతే మా పత్రం కదలదు. బతిమాలగా బతిమాలగా, ఒక్క సమావేశానికి రైతుగా మాత్రమే వస్తానని, జబ్బు సంగతి తన నోట రాదని షరతు పెట్టాడు.

సమావేశం రోజున అనుచరులు తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు. అన్నిటికన్నా ఎక్కువ మార్కులొచ్చిన పత్రంలోని సలహాలు అమీనా తెలుగులో చదివింది. నీళ్లు బాగా తాగాలి. వచ్చినప్పుడు ఆపుకోకూడదు. ఉదయం టిఫిను తర్వాత తొందర లేకుండా కూర్చోవాలి. రెడ్డి విని, "ఇది రాసినాయన టమాటా కోయించినట్టు లేడే" అన్నాడు. చేలో కోతకొచ్చే ఆడవాళ్లకు చాటు ఉండదని, పోవాల్సి వస్తుందని వాళ్లు నీళ్లే ముట్టరని చెప్పాడు. అమీనా గబగబా రాసుకుంది. ఆ తర్వాత తల ఎత్తి, ఇది వేరేవాళ్ల సంగతి, రోగి సొంత అనుభవం కావాలి అంది.

రెడ్డి తలుపు వైపు చూశాడు. తన గెలుపోటములన్నీ అక్కడే నిలబడి ఉన్నాయి. లేచి వెళ్లిపోతాడనే అనుకున్నాను.

"నాకే ఉండాదమ్మా," అన్నాడు, బయటికి వినపడేలా. "ఎందుకుండాదో గూడా జెప్తా, రాసుకో. నేను లేసేలోపల వాకిట్లో పదిమంది కూచోనుంటారు. ఒకనికి గట్టు తగాదా, ఒకనికి పింఛను. లోపలికి పోయి కూచుంటే సాలు, అన్నా యాడుండావని ఈ సుంకడు కేకేస్తాడు. పలకకుంటే తలుపు గొడతాడు. ఇంగ తొందర లేకుండా కూచునేది ఎట్ల?"

సుంకన్న మెల్లగా గుంపు వెనక్కి జరిగాడు. ప్రభాకర్ మాత్రం, మా ఇంట్లోనూ ఇంతే సార్, డ్యూటీ ఫోన్లు, అని గొణిగాడు. మేం ఆ పత్రాన్నే ఎంపిక చేసి, ఈ ప్రాంతపు ఇబ్బందులతో ఒక పేజీ అదనంగా చేర్చాం. అమీనా సంతకం పెట్టింది.

సంఘం ఎన్నికల్లో ఓబులరెడ్డి ఓడిపోయాడు. కొన్నాళ్లకు మా ఓపీకి ఒంటరిగా వచ్చాడు. జనమేరి అని అడిగాను.

"ఓడినోని వాకిట్లోకి ఎవురొస్తారు సార్? పొద్దున కూచుంటే పిలిసేటోడే లేడు. పొడి గూడా మానేస్తి. శానా బాగుండాది," అన్నాడు.

బాగుందన్న మాట అంత దిగులుగా చెప్పిన రోగిని నేను ఇంకొకరిని చూడలేదు. నవ్వు రాబోయింది, అంతలోనే మనసు చివుక్కుమంది.

మార్గదర్శకానికి వేసే మార్కులు దాన్ని ఎంత శ్రద్ధగా తయారు చేశారో చెబుతాయి. అది ఎవరి ఇంట్లో పనిచేస్తుందో చెప్పవు. ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, మలబద్ధకమని వచ్చిన వాళ్లను తిండీ నీళ్ల గురించి అడగడానికి ముందే, పొద్దున తలుపు బయట ఎవరు కాచుకుని ఉంటారని అడిగేవాణ్ణి.