ఆనపపాదు అచ్చిరాని ఇల్లు

పోయిన నెల ఒక ఉదయం బాపు ఫోన్ చేసి, "అక్క పోయింది బిడ్డా" అన్నాడు. రాత్రి బాగానే తిని పడుకుందట. "బొంబాయి వాళ్లకు చెప్పినవా?" అన్నాను. "వాళ్లకే ముందు చెప్పిన" అన్నాడు.

ఆమె బాపుకు అక్క, నాకు మేనత్త. చిన్న వయసులోనే భర్త పోతే పాలమూరులో మా ఇంటికే వచ్చేసింది. నాకు జడలు వేసింది, కాన్వెంటు ఆటో ఎక్కించింది ఆమే.

పెళ్లికి పోయినా చావుకు పోయినా అత్తమ్మ ముసలివాళ్ల పక్కన చేరేది. "మీ అవ్వ తల్లిగారిల్లు యాడ?" అని మొదలుపెట్టేది. ఆమె తాతకు ఒక తమ్ముడు ఉండేవాడు. కరువు కాలంలో ఒక మేస్త్రీ గుంపుతో బొంబాయి పోయి మళ్లీ రాలేదు. ఆయన సంతానం ఎక్కడో ఉందని, అడుగుతూ పోతే దొరుకుతుందని ఆమె నమ్మకం. "మొగోళ్లనడిగితె ఇంటిపేరు చెప్తరు. ఆడోళ్లనడిగితె తొవ్వ చెప్తరు" అనేది. నేను బడిలో నేర్చుకున్న కజిన్ అనే మాట ఆమెకు నచ్చేది కాదు. "కజిన్ అంటె ఎవరే? అన్ననా, బావనా? గింత సదువు సదివి వరుస తెల్వకపాయె!"

కొన్నేళ్ల కింద నాకు ఒక సంబంధం వచ్చింది. బొంబాయిలో స్థిరపడిన పాలమూరు వాళ్లే. ఇంటిపేర్లు వేరు. అబ్బాయి పెద్దగా మాట్లాడలేదు. కిటికీలో నేను సగం చదివి పెట్టిన పుస్తకం చూసి, "అయినంక నాకిస్తరా?" అని అడిగాడు. నాకు అది చాలు.

అందరూ చాయ్ తాగుతుండగా అబ్బాయి తల్లి కంగారు పడింది. పక్కింటి గోడ మీంచి మా వాకిట్లోకి ఆనపతీగ వేలాడుతోంది.

"అయ్యో, మీరు ఆనపపాదు పెడ్తరా? మా అత్తగారింట్ల అచ్చిరాదంటరు. కొనుక్కొని తింటం గని పాదు పెట్టం."

"మాది కాదు వదినా, పక్కింటోళ్లది. మాకు గూడ అచ్చిరాదు" అంది అమ్మ.

"ఇంగేంది, రెండిండ్లకు మంచిగ కుదిరింది!" అన్నాడు సంబంధం తెచ్చిన ఆయన. అందరూ నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. చేతిలో చాయ్ చల్లారిపోయేదాకా ఆ తీగనే చూస్తూ కూర్చుంది.

ఇలాంటి పట్టింపు మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. ఎందుకో ఎవరికీ తెలియదు, ఎవరూ మీరరు.

వాళ్లు వెళ్లాక అత్తమ్మ నా దగ్గరకు వచ్చింది. "పిలగాని మీద మనసున్నదా బిడ్డా?"

తలూపాను.

"అయితె జర ఆగు. నేనొకసారి బొంబాయి పోయొస్త. గా ఆనపపాదు ముచ్చట మా తాతలకాడికెల్లి వస్తాంది. ఇన్నేండ్లల్ల ఇంకో ఇంట్ల ఇనలే."

బొంబాయిలో ఆమె అబ్బాయి నాయనమ్మ పక్కన కూర్చుని, ఆ నాయనమ్మ అత్తగారి పుట్టిల్లు ఏ ఊరో కనుక్కుంది. తిరుగు ప్రయాణంలో ఇంటికి రాకుండా మక్తల్ దగ్గరున్న ఆ ఊరికే పోయింది. ఆ అత్తగారిని పెళ్లి చేసి ఎవరింటికి ఇచ్చారో అక్కడి ముసలమ్మలు చెప్పారు. మా ఇంటికే, బొంబాయి పోయిన ఆ తమ్ముడికే. బొంబాయిలో గుంపు మొత్తానికీ మేస్త్రీ ఇంటిపేరే పడిపోయింది. మా పేరు అట్లా వాళ్లకు లేకుండా పోయింది.

"అన్న వరుస అయితడు బిడ్డా" అంది. జీవితమంతా వెతికిన మనుషులు దొరికారు. ఆమె ముఖంలో సంతోషం లేదు.

బాపు బతిమాలాడు. "నాలుగు తరాల కిందటి ముచ్చటక్కా. నువ్వు ఊకుంటె ఎవ్వరికి తెల్వదు."

"నాకు తెల్సె గదరా. రేపు వాళ్ల మీద అచ్చింతలు ఏ చేత్తో వెయ్యాలె?"

నాకు ఆమె మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది.

వాళ్లకు చెప్పే పని ఆమె ఇంకొకరి మీద పెట్టలేదు. ఆ ఏడు పెత్రమాసకు అందరినీ పిలిపించింది. పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు బాపు, బొంబాయి పోయిన ఆ తమ్ముడి పేరు కూడా పలికాడు. మా ఇంట్లో అదే మొదటిసారి. బొంబాయి అవ్వ నా గదవ పట్టుకుని, "మనుమని పెండ్లాం అయితవనుకుంటి. మనుమరాలివే అయితివి. నాకేం తక్కువ?" అంది. అత్తమ్మ వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుంది. నా కోసమో, వాళ్ల కోసమో నేను అడగలేదు.

ఆ తర్వాత అతను ఫోన్‌లో నన్ను చెల్లె అని పిలవడం మొదలుపెట్టాడు. నేను మాత్రం ఏ పిలుపూ లేకుండా మాట్లాడేదాన్ని. అత్తమ్మ గమనించింది. "తొందరేం లేదు బిడ్డా. నోరు దానంతటదే తిరుగుతది" అంది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆమె పోయిన రోజు అతను విమానంలో హైదరాబాద్ వచ్చి, అక్కడినుంచి మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. అప్పటిదాకా ఆపాం. పాడె ఎత్తేటప్పుడు ఎవరూ పిలవకుండానే అతను బాపు వెనకవైపు కొసకు పోయి నిలబడ్డాడు.

"గా పొడుగు పిలగాడు ఎవరే?" అని మా వాడకట్టు ముసలమ్మ అడిగింది.

"మా అన్న" అన్నాను.

మోసే నలుగురిలో అతనే పొడవు. తన వైపు పైకి లేచి అత్తమ్మ ఒరిగిపోతుందని మోకాళ్లు కొంచెం వంచి నడుస్తున్నాడు. అట్లా నడవడం కష్టం. అయినా వీధి మలుపు తిరిగేదాకా, నాకు కనిపించినంతసేపూ, అట్లాగే వంచి నడిచాడు.